పాఠకుల ప్రశ్నలు: సూపర్‌మార్కెట్ల పర్యావరణ భారం

ప్రశ్న: అనేక శాఖలున్న ఒక సూపర్‌మార్కెట్ సంస్థ ప్రధాన కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా సంస్థ వల్ల పర్యావరణానికి కలుగుతున్న నష్టాన్ని తగ్గించే మార్గాలు సూచించమని యాజమాన్యం ఒక సంఘాన్ని నియమించి, అందులో నన్నూ సభ్యుణ్ణి చేసింది. ఇంతవరకూ ప్లాస్టిక్ సంచులు ఆపివేశాం, బిల్లులు కాగితంపై ఇవ్వకుండా ఫోనుకు పంపుతున్నాం, దుకాణాల ముందు మొక్కలు నాటించాం. ఆపైన ఏం చేయాలో తోచడం లేదు. డబ్బు పరిమితంగానే ఇస్తామన్నారు. ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి?

జవాబు: మీరు చేసిన మూడు పనుల్లోనూ తప్పు లేదు. అయితే మూడూ దుకాణానికి వచ్చినవారి కంటికి కనిపించే పనులే. సూపర్‌మార్కెట్ మోపే భారంలో ఎక్కువ భాగం ఆ కంటికి ఆనని చోట్ల ఉంటుంది: ఫ్రీజర్ల వెనుక సాగే గొట్టాల్లో, సరుకు తెప్పించే ఆర్డరు పట్టీలో, సరఫరాదారులతో రాసుకున్న ఒప్పందాల్లో. ఉన్న కొద్దిపాటి డబ్బూ ముందు అక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం.

గొట్టాలతో మొదలుపెడదాం. శీతల యంత్రాల్లో తిరిగే వాయువును మరమ్మతు సిబ్బంది ‘గ్యాస్’ అని ఊరుకుంటారు గాని, అది ఏ గ్యాసో, ఏడాదికి ఎంత నింపుతున్నారో తెలుసుకోవడంతోనే మీ సంఘం పని ఆరంభం కావాలి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువులు క్రమంగా తప్పుకోగా, వాటి స్థానంలోకి హైడ్రోఫ్లోరోకార్బన్లు వచ్చాయి. ఇవి ఓజోన్ జోలికి పోవు గాని భూమిని వేడెక్కించడంలో మహా గట్టివి. సూపర్‌మార్కెట్లలో చాలాకాలంగా విరివిగా వాడుతున్న ఆర్-404ఎ అనే మిశ్రమం ఒక్క కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన అది సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంటి ఫ్రిజ్‌లోని గ్యాస్ కర్మాగారంలోనే మూసివేసిన గొట్టంలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో అలా కాదు. యంత్రాల గదిలోని కంప్రెసర్ల నుంచి దుకాణమంతా పరుచుకున్న గొట్టాల గుండా, అక్కడికక్కడ అతికిన లెక్కలేనన్ని అతుకుల మీదుగా అది ప్రవహిస్తుంది, ఆ అతుకుల్లో ప్రతిదీ కారడానికి వీలున్న చోటే.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒక దుకాణం వ్యవస్థలో 300 కిలోల ఆర్-404ఎ ఉందనీ, ఏడాదిలో అందులో 15 శాతం కారిపోతోందనీ అనుకుందాం. ఇది అసాధారణమైన లీకేజీ ఏమీ కాదు, ఇంతకంటే ఎక్కువ పోగొట్టుకునే దుకాణాలున్నాయి. కారిపోయినది 45 కిలోలే. కాని దాని ప్రభావం సుమారు 175 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సాటి వస్తుంది. అంటే 65 వేల లీటర్ల డీజిల్‌ను తగలబెట్టినట్టు. ఆ దుకాణం ముందు మీరు నాటిన మొక్కలు చెట్లయ్యాక కూడా ఈ బాకీ తీర్చలేవు.

ఇక్కడ చేయవలసిన మొదటి పనికి పెద్దగా డబ్బు అక్కరలేదు. ప్రతి దుకాణంలోనూ ఒక పుస్తకం పెట్టి, గ్యాస్ నింపిన ప్రతిసారీ తేదీ, బరువు, కారణం రాయించండి. కారుతున్న చోటు కనిపెట్టి బాగుచేయకుండా మళ్లీ గ్యాస్ నింపడాన్ని నిషేధించండి. కొంతకాలం గడిచేసరికి ఏ నాలుగు దుకాణాలు సంస్థ మొత్తం లీకేజీలో సగం మోస్తున్నాయో ఆ పుస్తకాలే చెబుతాయి. ఆపైన యంత్రాల గదుల్లో లీకేజీని పసిగట్టే పరికరాలు, పాత వ్యవస్థల్లో వేడెక్కించే గుణం తక్కువున్న మిశ్రమాలు, కొత్తగా కట్టే దుకాణాల్లో కార్బన్ డయాక్సైడ్‌నే శీతలీకరణకు వాడే యంత్రాలు వరుసగా రావాలి. భూతాపానికి కారణమని మనం నిందించే కార్బన్ డయాక్సైడే ఇక్కడ పరిష్కారం కావడం వింతగా తోచవచ్చు. కిలో కారితే నష్టం కిలోతోనే సరి, 3,900 కిలోలతో కాదు. దీనికి ఇబ్బంది లేకపోలేదు. సుమారు 31 డిగ్రీల ఉష్ణోగ్రత దాటాక ఈ వాయువు ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా మారదు కాబట్టి, వేడి ప్రాంతాల్లో సాధారణ యంత్రాలు ఎక్కువ విద్యుత్తు తింటాయి. అందుకే అలాంటి చోట్ల ఆ అదనపు విద్యుత్తును తగ్గించే ఎజెక్టర్లు, సమాంతర కంప్రెసర్లు అనే భాగాలు అమర్చిన నమూనాలనే అడగాలి. విడివిడిగా ఉండే చిన్న ఫ్రీజర్లకైతే ప్రొపేన్ చక్కగా పనికొస్తుంది. అది మండే వాయువు గనుక ఒక్కొక్కదానిలో కొద్ది మోతాదులోనే నింపుతారు.

ఈ మార్పును వాయిదా వేయడంలో వ్యాపారపరమైన నష్టం కూడా ఉంది. హైడ్రోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని, వాడకాన్ని దశలవారీగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. పాత గ్యాస్‌తో నడిచే కొత్త యంత్రాన్ని ఇప్పుడు కొంటే, అది అరిగిపోక ముందే దానికి గ్యాస్ దొరకడం కష్టమవుతుంది.

విద్యుత్తు విషయానికొస్తే, సూపర్‌మార్కెట్‌లో దాన్ని అందరికంటే ఎక్కువ వాడుకునేది ఈ శీతల విభాగమే. ఇంట్లో పిల్లవాడు ఫ్రిజ్ తలుపు తీసిపెట్టి నిలబడితే కేకలేస్తాం. అదే దుకాణంలో, రోజంతా తలుపే లేని ఫ్రిజ్‌ను వరుసగా పది బారుల పొడవున పెట్టి దానికి ‘ప్రదర్శన’ అని పేరు పెడతాం. తెరిచి ఉన్న అరలకు గాజు తలుపులు బిగిస్తే ఆ అరల విద్యుత్తులో మూడో వంతు దాకా మిగల్చవచ్చు. తలుపులుంటే అమ్మకాలు తగ్గుతాయని దుకాణాధికారులు భయపడతారు. ఆ భయాన్ని వాదనతో పోగొట్టలేరు. రెండు మూడు శాఖల్లో తలుపులు పెట్టించి, కొన్ని నెలల అమ్మకాలు చూపించండి. తలుపులకు డబ్బు చాలకపోతే కనీసం రాత్రిపూట దించే తెరలైనా వేయించండి. ఎల్ఈడీ దీపాలు, పైకప్పుమీద సౌర పలకలు, కంప్రెసర్ల వేడితో నీళ్లు కాచుకోవడం వంటివి అందరికీ తెలిసినవే, మంచివే, వాటి గురించి ఎక్కువ చెప్పను.

రెండోది ఆర్డరు పట్టీ. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం భోజనశాలల్లో, 12 శాతం దుకాణాల్లో పోయింది. ఈ 12 శాతాన్ని చూసి దుకాణాల పాత్ర చిన్నదే అనుకుంటే పొరపాటు. రైతు దగ్గర సరుకు పాడైపోవడానికీ, ఇంట్లో అవసరానికి మించి పోగుపడడానికీ కూడా తరచు దుకాణపు అలవాట్లే కారణమవుతాయి. చివరి క్షణంలో ఆర్డరు రద్దు చేస్తే కోసిన పంట పొలంలోనే కుళ్లుతుంది. వంకరగా ఉందనో, కాస్త చిన్నదనో తిరగ్గొట్టిన సరుకుదీ అదే గతి. ఒకటి కొంటే ఒకటి ఉచితమని పెట్టినప్పుడు, దుకాణంలో పాడు కావలసింది వినియోగదారుడి ఇంట్లో పాడవుతుంది. దుకాణం ఖాతా మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది.

చాలా సంస్థల్లో సాయంత్రం అర ఖాళీగా కనిపిస్తే మేనేజరుకు మందలింపు వస్తుంది. పారేసిన సరుకును మాత్రం ‘తరుగు’ అని రాసి ఊరుకుంటారు. మేనేజరు పనితీరును కొలిచే పద్ధతిలో ఈ ఒక్క విషయం మార్చకుండా ఎంత ఖరీదైన అంచనా సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం ఉండదు. మూసివేసే వేళకు త్వరగా పాడయ్యే సరుకు అర ఖాళీ కావడం మంచి లెక్కకు గుర్తు అని యాజమాన్యం లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. పారేసినదాన్ని డబ్బులో కాక బరువులో, సరుకువారీగా కొలవాలి. గడువు దగ్గరపడిన సరుకు ధర చివరిరోజు సాయంత్రం కాకుండా ఒకటి రెండు రోజుల ముందే తగ్గించాలి.

మూడోది అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే నెమ్మదిగా కదిలేది. సూపర్‌మార్కెట్ సంస్థల కర్బన లెక్కల్లో సాధారణంగా పదింట తొమ్మిది వంతులు వారి దుకాణాల్లో కాక, వారు అమ్మే సరుకు తయారైన చోట ఉంటాయి. 119 దేశాల్లోని 38 వేలకు పైగా వ్యవసాయ క్షేత్రాల వివరాలను క్రోడీకరించి 2018లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆహారం వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో, అంటే భూమిని వేడెక్కించే వాయువుల్లో, రవాణా, ప్యాకింగు, చిల్లర అమ్మకం మూడూ కలిపినా ఏడో వంతుకు మించవు. ఐదింట నాలుగు వంతులు సాగులోనూ, సాగు కోసం అడవులు నరికి భూమిని మార్చడంలోనూ ఉన్నాయి. ఒకే రకం సరుకును పండించే ఇద్దరి మధ్య కూడా ఈ ఉద్గారాలు ఎన్నో రెట్లు తేడాగా ఉంటాయని అదే అధ్యయనం చూపింది. మీ కొనుగోలు విభాగానికి ఉన్న బలం ఈ తేడాలోనే ఉంది.

కాబట్టి వేల రకాల సరుకులనూ ఒకేసారి పట్టుకోకండి. మాంసం, పాల పదార్థాలు, అడవుల నరికివేతతో ముడిపడిన పామాయిల్, సోయా వంటి కొన్నింటిని ఎంచుకుని, అవి ఏ భూమి నుంచి వస్తున్నాయో సరఫరాదారులను అడగండి. అడగడంతో ఆగితే వారు మరో ఫారం నింపి పంపుతారు, అంతే. సాగు పద్ధతి మార్చుకోవడానికి రైతుకు ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో నష్టభయం ఉంటుంది. ఏడాదికొకసారి ధర దగ్గర బేరమాడి సరఫరాదారును మార్చే సంస్థ కోసం ఎవరూ ఆ సాహసం చేయరు. మూడు నుంచి ఐదేళ్ల కొనుగోలు హామీ ఇవ్వగలిగితేనే మీ షరతులకు విలువ ఉంటుంది. రవాణాలో మాత్రం ఒక్క జాగ్రత్త చాలు: టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి విమానం ఓడకంటే సుమారు 50 రెట్లు కాలుష్యం వెదజల్లుతుంది. విమానంలో వచ్చే సరుకుల జాబితా తీసి చూడండి, అది మీరు ఊహించినదానికంటే చిన్నదే అయివుంటుంది, వదులుకోవడమూ సులువే.

ప్రశ్న: మేము వెళ్లే సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ సంచులు మానేసి గుడ్డ సంచులు అమ్ముతున్నారు. ప్రతిసారీ ఒకటి కొనడంతో మా ఇంట్లో ఇరవైకి పైగా పోగయ్యాయి. దీనివల్ల నిజంగా మేలు జరుగుతోందా?

జవాబు: ఇరవై పోగయ్యాయంటే, ఇంకా జరగలేదనే చెప్పాలి. పత్తి పండించడానికి నీరు, ఎరువులు, భూమి చాలా కావాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, వాతావరణ ప్రభావం ఒక్కటే చూస్తే సాధారణ పత్తి సంచిని 52 సార్లు వాడితే గాని అది ప్లాస్టిక్ సంచితో సరితూగదు. అన్ని రకాల ప్రభావాలూ లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 7,100కు చేరుతుంది. రెండో సంఖ్యను చూసి బెదరవలసిన పని లేదు. అది ప్రధానంగా ఓజోన్ పొరకు సంబంధించిన ఒకే ఒక్క అంశం వల్ల అంత పెరిగింది. పైగా కాలువల్లోకి, సముద్రంలోకి చేరే ప్లాస్టిక్ చెత్త చేసే హాని ఆ లెక్కలో లేదు. మీ దగ్గర ఉన్నవాటిలో రెండు తలుపు దగ్గర తగిలించుకుని, చిరిగేదాకా వాడండి.

దుకాణం చేయవలసింది సంచి అమ్మి లాభం తీయడం కాదు, సంచి తెచ్చుకునే అలవాటు నేర్పడం. ఐర్లండ్ 2002లో ప్లాస్టిక్ సంచులపై సుంకం విధించాక వాటి వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. 2015లో ఇంగ్లండ్‌లో పెద్ద దుకాణాలు సంచికి తప్పనిసరిగా రుసుము తీసుకోవడం మొదలుపెట్టాక కూడా దాదాపు అదే జరిగింది.

సరుకుపై చుట్టే ప్లాస్టిక్ సంగతి వేరు. త్వరగా వాడిపోయే కూరగాయకు పలుచని పొర చుడితే అది మరికొన్ని రోజులు నిలుస్తుంది, అప్పుడు ఆ పొర తన భారాన్ని తానే తీర్చుకుంటుంది. మందపాటి తొక్కతోనే పుట్టిన పండును తొక్క మీద మళ్లీ ప్లాస్టిక్ పెట్టెలో పెట్టడానికి మాత్రం నాకు ఏ సమర్థనా దొరకలేదు.

ప్రశ్న: మిగిలిపోయిన ఆహారాన్ని పారేయకుండా ఆకలితో ఉన్నవారికి పంచితే సమస్య తీరిపోదా?

జవాబు: పంచడం పారేయడం కంటే ఎంతో మేలు, చెత్తకుప్పల్లో కుళ్లే ఆహారం నుంచి వెలువడే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అయినా తగ్గుతుంది. ఫ్రాన్స్ 2016లో చట్టం చేసి, 400 చదరపు మీటర్లకు మించిన సూపర్‌మార్కెట్లు తినదగిన ఆహారాన్ని నాశనం చేయరాదనీ, సేవాసంస్థలతో విరాళపు ఒప్పందం చేసుకోవాలనీ నిర్దేశించింది. అయితే గడువుకు కొన్ని గంటల ముందు వ్యాను నిండా సరుకు తెచ్చి దించితే, తీసుకున్న సంస్థకు దానాన్ని కాదు, పారేసే పనిని అప్పగించినట్టవుతుంది. ఉదయమే ఇవ్వాలి, ఏది ఎంత వస్తుందో ముందు చెప్పాలి. అంతకుముందు ‘ఈ తేదీలోగా వాడాలి’ అన్నదీ, ‘ఈ తేదీదాకా నాణ్యత బాగుంటుంది’ అన్నదీ ఒకటి కాదని సిబ్బందికి నేర్పించాలి. మొదటిది ఆరోగ్య రక్షణకు సంబంధించింది, దాన్ని దాటనివ్వకూడదు. రెండోది రుచికి సంబంధించింది, దాని పేరుతో పారేసేదాంట్లో తినదగినదే చాలా ఉంటుంది.

ప్రశ్న: ‘మాది కార్బన్ న్యూట్రల్ సంస్థ’ అని ఒక సూపర్‌మార్కెట్ ప్రకటన చూశాను. నమ్మవచ్చా?

జవాబు: కార్బన్ న్యూట్రల్ అంటే తాము వెలువరించే వాయువులకు సరిపడా వేరే చోట తగ్గించి లెక్క సున్నా చేశామని చెప్పుకోవడం. అది ఏ భాగం గురించి అంటున్నారో చూడండి. ఈ లెక్కల్లో మూడు శ్రేణులుంటాయి: సంస్థ తానే వెలువరించేది మొదటిది, కొన్న విద్యుత్తు వల్ల వెలువడేది రెండోది, సరుకు తయారీ నుంచి వినియోగం దాకా తక్కినదంతా మూడోది. చాలా ప్రకటనలు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాయి; ఎక్కువ భారం మూడోదాంట్లో ఉందని పైన చెప్పాను. చదరపు మీటరుకు ఇంత తగ్గిందని రాస్తే, మొత్తం పెరిగిందేమో చూడాలి. శాఖలు పెరుగుతున్న సంస్థలో రెండూ ఒకేసారి నిజం కావచ్చు. వేరే చోట చెట్లు నాటించి కొనుక్కున్న పరిహారపు పత్రాలను విడిగా చూపకుండా కలిపేస్తే ఆ లెక్కను పక్కన పెట్టండి. సంస్థ వార్షిక నివేదిక అందుబాటులో ఉంటే, గత ఏడాది శీతల యంత్రాల్లో ఎన్ని కిలోల ఏ గ్యాస్ నింపారో అందులో వెతకండి. అది మొదటి శ్రేణిలోనిదే, కొలవడం సులువే. అక్కడ లేకపోతే ఆ ఒక్క సంఖ్య తెలియజేయమని సంస్థకు ఉత్తరం రాయండి.