చామనఛాయ అంటే నలుపేనా?

ప్రశ్న: నేను రాసిన కథలో నాయికది 'చామనఛాయ' అన్నాను. నలుపును మర్యాదగా చెప్పడానికి వాడే మాటే తప్ప అది వేరే రంగు కాదని ఒక మిత్రురాలు వాదిస్తున్నారు. అసలు ఛాయ అంటే నీడ కదా, ఒంటి రంగుకు ఆ మాట ఎలా వచ్చింది? 'చామనచాయ' అని రాస్తే తప్పా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ మిత్రురాలి మాట వ్యుత్పత్తిని బట్టి కొంత నిజం, వాడుకను బట్టి కాదు. సంస్కృతంలోని 'శ్యామ' శబ్దమే తెలుగులో 'చామన' అయింది. అమరకోశం 'కృష్ణే నీలాసితశ్యామకాలశ్యామలమేచకాః' అంటూ శ్యామాన్ని నలుపు పర్యాయపదాల్లోనే చేర్చింది. అయితే ఆ నలుపు కాటుక నలుపొక్కటే కాదు. నీళ్లు నిండిన మబ్బునూ ఏపుగా పెరిగిన పైరునూ కూడా అదే మాటతో వర్ణించారు కనుకనే మనకు నీలమేఘశ్యాముడూ ఉన్నాడు, సస్యశ్యామలమైన నేలా ఉంది. మేఘసందేశంలో కాళిదాసు 'తన్వీ శ్యామా' అన్నచోట వ్యాఖ్యాత మల్లినాథసూరి రంగు ఊసెత్తకుండా 'యువతి' అని అర్థం చెప్పాడు. 'స్త్రీ' అనే అర్థంలో మన కావ్యాల్లో కనిపించే 'చామ' కూడా ఈ శ్యామకు వికృతే.

తెలుగు వాడుకలో మాత్రం చామనఛాయ నలుపుకూ తెలుపుకూ నడిమి రంగుగా స్థిరపడింది. 'మరీ నలుపేం కాదు, చామనఛాయ' అని సహజంగా అంటున్నామంటే ఆ రెండూ వేరనే కదా! పెళ్లిసంబంధాల మాటల్లో నలుపని చెప్పడానికి వెనుకాడి ఈ పదాన్ని అడ్డుపెట్టుకునేవారు లేకపోలేదు గాని, అది చెప్పేవారి మొహమాటమే తప్ప పదానికున్న అర్థం కాదు. మీ నాయిక నిజంగా నల్లనిదైతే నల్లనిదనే రాయండి.

ఇక ఛాయ సంగతి. 'ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః' అని అమరమే దానికి సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, నీడ అనే నాలుగు అర్థాలు చెప్పింది. మేనిఛాయ, పసిమిఛాయ వంటి మాటల్లో ఉన్నది నీడ కాదు, కాంతికి దగ్గరైన అర్థం. 'చాయ' దాని వికృతి కనుక 'చామనచాయ' తప్పు కాదు. పైగా 'చామన' కూడా తద్భవమే కావడంవల్ల ఆ రూపమే బాగా ఒదుగుతుందని నా అభిప్రాయం. తప్పు పట్టవలసింది, తప్పిపోయినవారి ప్రకటనల్లో కనిపించే 'చామనఛాయ రంగు' అనే ప్రయోగాన్ని. ఛాయలోనే రంగు ఉంది కాబట్టి 'ఆమెది చామనఛాయ' అన్నా, 'ఆమె చామనఛాయగా ఉంటుంది' అన్నా సరిపోతుంది.