అప్పు చేసినంత మాత్రాన తిట్లు పడాలా?

ప్రశ్న: ఓ ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఉద్యోగం పోయి మూడు ఈఎంఐలు కట్టలేకపోయాను. రికవరీ ఏజెంట్లు రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసి బూతులు తిడుతున్నారు. మా వదినకు కూడా ఫోన్లు చేస్తున్నారు. అరెస్ట్ చేయిస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు అరెస్ట్ టెన్షన్ పక్కన పెట్టండి. బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. ఒక్క మెలిక ఉంది: మీరిచ్చిన చెక్కు గానీ, ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ గానీ బౌన్సయితే కంపెనీ క్రిమినల్ కేసు వేయొచ్చు. అదైనా రాతపూర్వకంగా నోటీసిచ్చి, అది అందాక 15 రోజులు ఆగాకే. అందుకే పోస్టులో వచ్చిన నోటీసును తిప్పి పంపకండి. వాట్సాప్‌లో ‘వారెంట్’ అంటూ పీడీఎఫ్ వస్తే కేసు నంబరు చూడండి. కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ సైట్ ‘ఈ-కోర్ట్స్’లో వెతికితే నిజమో బెదిరింపో తేలిపోతుంది.

ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక వసూలు కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది. తిట్టడం, నలుగురిలో పరువు తీయడం, ఇంట్లోవాళ్లను వేధించడం కూడా కుదరదు. ‘అది ఏజెన్సీ వాళ్ల పని, మాకు తెలీదు’ అని కంపెనీ తప్పించుకోలేదు.

కోపంతో ఆ నంబర్లు డిలీట్ చేయకండి. తేదీ, టైమ్ కనబడేలా కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీయండి, కాల్స్ రికార్డ్ చేయండి. మీ వదిన ఫోన్‌లోవీ తీయించండి. ఆవిడ హామీదారు కాకపోతే మీ చేతిలో అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. ఇవన్నీ జతచేసి, లోన్ నంబరు వేసి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. ‘చాలా వేధిస్తున్నారు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘ఫలానా తేదీ రాత్రి 9.12కి, ఈ నంబరు నుంచి, ఈ మాటలన్నారు’ అని రాయండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు. లాయరు ద్వారా పంపితే తీసుకోరు కూడా, కాబట్టి మా ఫీజూ మిగిలినట్టే! నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కానీ ఒకే విషయం మీద రెండుచోట్లా ఒకేసారి నడపలేరు.

కొడతాం, చంపుతాం అన్నారా, 30 రోజులు ఆగనక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 351 సెక్షన్ కింద పోలీసులకు వెంటనే ఫిర్యాదు ఇవ్వండి.

అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అదే మెయిల్‌లో ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని అడగండి. ఏజెంటు ఎంత మర్యాదగా మాట్లాడినా చేతికి నగదు ఇవ్వొద్దు, కంపెనీ లోన్ ఖాతాకే కట్టి రసీదు దాచుకోండి.