రైఫిళ్ల నిషేధంపై వ్యాసం రాస్తున్న యువ మిత్రునికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో సైనిక తరహా రైఫిళ్లను నిషేధించాలా వద్దా అన్న వివాదంపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణంలో, ఒక షాపింగ్ మాల్ వద్ద జరిగిన కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి కూడా ఉండటం నిన్ను ఎంతగా కలచివేసిందో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ బాధను వ్యాసంలోంచి తీసివేయమని నేను చెప్పను. కానీ ఏ తుపాకీని, ఏ నిబంధనతో, ఎవరి చేతికి అందకుండా చెయ్యాలని కోరుతున్నావో నువ్వు ఎక్కడా చెప్పలేదు. ఈ వివాదంలో వాదన నిలబడినా కూలినా అక్కడే. మిగిలిన ఆవేదన ఎంత నిజమైనదైనా, ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఎదుటి పక్షం ఒక్క వాక్యంతో దాన్ని పక్కకు నెట్టేస్తుంది.

ముందుగా తుపాకీ సంగతి. ఏఆర్-15ను నువ్వు మెషీన్ గన్ అని రాశావు. అది సరికాదు. యూజీన్ స్టోనర్ 1950ల చివర్లో ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఆ రైఫిల్ నమూనా హక్కులను 1959లో కోల్ట్ సంస్థ కొన్నది. దాని నుంచి సైన్యానికి వచ్చిన ఎం-16లో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే తూటాలు ధారగా వెలువడే ఏర్పాటు ఉంది. పౌరులకు అమ్మే ఏఆర్-15లో ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే వెలువడుతుంది, సెమీ ఆటోమేటిక్ అంటే అదే. మెషీన్ గన్లపై 1934 నుంచే కఠినమైన పన్ను, నమోదు నిబంధనలు ఉన్నాయి, 1986 తరువాత తయారైనవాటిని సామాన్య పౌరులు కొనడానికి వీల్లేదు. (మన పత్రికల్లో పొడుగాటి తుపాకీ కనిపిస్తే చాలు ఏకే-47 అని రాసే అలవాటు ఎప్పుడు పోతుందో!) తుపాకీ గురించి తెలిసిన పాఠకుడు ఇలాంటి ఒక్క పొరపాటు చూడగానే, తరువాతి పేజీల్లో నువ్వు ఎంత మంచి మాట చెప్పినా నమ్మడు. లాస్‌వేగాస్‌లో 2017 అక్టోబరు 1న జరిగిన మారణకాండను ప్రస్తావించేటప్పుడు మాత్రం బంప్ స్టాక్ గురించి తప్పక రాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను దాదాపు మెషీన్ గన్ వేగంతో పేల్చనిచ్చే ఆ పరికరాన్ని 2018 చివర్లో ప్రభుత్వం నిషేధిస్తే, చట్టం ప్రభుత్వానికి ఆ అధికారం ఇవ్వలేదని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ నిషేధాన్ని కొట్టివేసింది. సాంకేతిక నిర్వచనం ఒక మారణాయుధాన్ని ఎలా అటూ ఇటూ మార్చగలదో అంతకన్నా స్పష్టంగా చూపే కేసు లేదు.

ఈ తరహా రైఫిళ్లపై 1994 నాటి సమాఖ్య నిషేధాన్ని నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు. నా దృష్టిలో నీ వ్యాసానికి వెన్నెముక కావలసిన భాగం అదే. ఆ సెప్టెంబరు 13న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన చట్టం కొన్ని తుపాకులను పేరు పెట్టి నిషేధించింది. మిగిలినవాటికి లక్షణాల పరీక్ష పెట్టింది: మ్యాగజైన్‌ను, అంటే తూటాల గూడును, విడదీసి మార్చుకోగల సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు భుజానికి ఆనించుకునే వెనుక భాగం మడిచేదిగా ఉండటం, పిస్తోలు తరహా పిడి, బాయినెట్ (తుపాకీ మొనకు అమర్చే కత్తి) తగిలించే ఏర్పాటు, పేలినప్పటి మెరుపును తగ్గించే గొట్టం వంటివాటిలో రెండు ఉంటే అది నిషిద్ధం. తయారీదారులు బాయినెట్ ఏర్పాటును, ఆ గొట్టాన్ని తీసివేసి, దాదాపు అదే తుపాకీని మళ్లీ దుకాణాల్లో పెట్టారు. వారు చేసింది చట్టాన్ని ఉల్లంఘించడం కాదు, అక్షరాలా పాటించడం. తూటా వేగం గానీ, అది శరీరంలో చేసే విధ్వంసం గానీ బాయినెట్ తీసేసినంత మాత్రాన రవ్వంత కూడా తగ్గవు కదా! పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను కూడా అదే చట్టం నిషేధించింది, అయితే అప్పటికే జనం దగ్గర ఉన్న తుపాకులనూ మ్యాగజైన్లనూ ముట్టుకోలేదు, వాటిని తిరిగి అమ్ముకోవడం కూడా చట్టబద్ధంగానే ఉండిపోయింది. పదేళ్ల గడువు 2004లో ముగిసింది, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పొడిగించలేదు.

కాబట్టి "నిషేధం పనిచేసింది" అని గానీ "పనిచేయలేదు" అని గానీ ఒక్క ముక్కలో రాయడం ఆ చరిత్రకు అన్యాయం చేయడమే. గడువు ముగిసే వేళకు న్యాయశాఖ నిధులతో జరిగిన మదింపు, మొత్తం తుపాకీ నేరాలపై ఆ చట్టం ప్రభావం ఉన్నా చాలా తక్కువగానే ఉంటుందని, పాత మ్యాగజైన్లు బజారులో సమృద్ధిగా ఉండటం వల్ల అసలు ఫలితం కనిపించడానికే సమయం చాలలేదని చెప్పింది. నిషేధ వ్యతిరేకులు ఇందులో మొదటి సగాన్నే ఉటంకిస్తారు, సమర్థకులు రెండో సగాన్నే. నువ్వు రెండూ రాయి.

అంకెల విషయానికి వస్తాను. సామూహిక కాల్పులు ఏటా వందల్లో జరుగుతున్నాయని ఒకచోట, వేళ్ల మీద లెక్కించదగినన్ని జరుగుతున్నాయని ఇంకోచోట రాశావు. రెండు లెక్కలూ నిజమే, కానీ వాటి కొలతలు వేరు. తుపాకీ ఘటనల వివరాలు సేకరించే గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ దుండగుణ్ణి మినహాయించి నలుగురు లేదా అంతకు మించి తూటా తగిలిన ప్రతి ఘటననూ లెక్కిస్తుంది, అందులో ఎవరూ చనిపోకపోయినా సరే. నలుగురు చనిపోతేనే లెక్కలోకి తీసుకునే వారి సంఖ్య చాలా చిన్నది. ఏ కొలతను ఎంచుకున్నావో పాఠకుడికి చెప్పి, వ్యాసం చివరిదాకా దానికే కట్టుబడి ఉండు. అలాగే 2019లో ఎఫ్‌బీఐ దగ్గర వివరాలున్న 10,258 తుపాకీ హత్యల్లో చేతి తుపాకులతో జరిగినవి 6,368 కాగా, అన్ని రకాల రైఫిళ్లతోనూ కలిపి జరిగినవి 364. ఏ తుపాకీ వాడారో నమోదుకానివి మూడు వేలకు పైగా. 2021లో అక్కడ తుపాకీ వల్ల పోయిన 48,830 ప్రాణాల్లో సగానికి మించినవి ఆత్మహత్యలు. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో జాతి విద్వేషంతో ఒక తెలుగు ఇంజినీరును చంపిన వాడి చేతిలో ఉన్నదీ, 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన వాడి దగ్గర ఉన్నవీ చేతి తుపాకులే. రైఫిళ్ల నిషేధం అమెరికా తుపాకీ మరణాలను తగ్గిస్తుందని రాస్తే ఈ అంకెలన్నీ నీకు ఎదురు నిలుస్తాయి. అత్యంత ఘోరమైన మారణకాండల్లో మృతుల సంఖ్యను తగ్గించవచ్చని రాస్తే నిలబడడానికి నీకు చోటుంది. శాండీహుక్, ఓర్లాండో, లాస్‌వేగాస్, సదర్లాండ్ స్ప్రింగ్స్, యువాల్డే, ఈ అన్నిచోట్లా దుండగులు వాడినవి ఆ తరహా రైఫిళ్లే.

ఆ చోటులో కూడా నాకు బలంగా తోచేవి బాయినెట్ వంటి బాహ్య లక్షణాలు కావు, రెండే విషయాలు. మొదటిది మ్యాగజైన్. 2011 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌ పాల్గొన్న సభపై దాడి చేసిన వ్యక్తి 33 తూటాల మ్యాగజైన్‌తో వచ్చాడు. అది ఖాళీ అయి మరొకటి ఎక్కించబోతుండగా అక్కడున్న జనం అతన్ని నేలకూల్చారు. అది రైఫిల్ కాదు, చేతి తుపాకీ. తూటాల సంఖ్యకు పరిమితి పెడితే రైఫిళ్లకూ చేతి తుపాకులకూ ఒకేలా వర్తిస్తుంది, తయారీదారు ఒక మరమేకు విప్పి దాన్ని తప్పించుకోలేడు. రెండోది వయసు. సమాఖ్య చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న దుకాణంలో చేతి తుపాకీ కొనడానికి 21 ఏళ్లు నిండాలి, రైఫిల్‌కు మాత్రం 18 చాలు. 2022 మేలో యువాల్డే బడిలో 19 మంది పిల్లలనూ ఇద్దరు ఉపాధ్యాయినులనూ చంపినవాడు 18 నిండిన కొద్ది రోజులకే చట్టబద్ధంగా రైఫిళ్లు కొన్నాడు. పార్క్‌లాండ్ బడిలో కాల్పుల తరువాత 2018లో ఫ్లోరిడా, తుపాకీ నియంత్రణను సాధారణంగా వ్యతిరేకించే రిపబ్లికన్ల పాలనలో ఉండి కూడా, ఆ వయసును 21కి పెంచింది. నీ వ్యాసంలో ఫ్లోరిడా పేరే లేదు.

ఎదుటి పక్షం వాదనలో బలహీనమైనదాన్ని ఎంచుకుని ఖండించావు. అది సులభమైన పని. టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 2017లో 26 మందిని బలిగొన్నవాణ్ణి ఎదిరించి, గాయపరిచి, పారిపోయేలా చేసిన పొరుగింటి వ్యక్తి చేతిలో ఉన్నది కూడా ఏఆర్-15 తరహా రైఫిలే. దేశంలో ఇలాంటివి రెండు కోట్లకు పైగా ఉన్నాయని తయారీదారుల సంఘమే అంచనా వేస్తోంది. వాటి యజమానుల్లో దాదాపు అందరూ ఎవరికీ హాని చేయనివారే. వీటికి జవాబు రాయి. నీకు జవాబు దొరకకపోతే, ఆ చిక్కును ఉన్నది ఉన్నట్టుగా పాఠకుడి ముందు పెట్టు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉదాహరణలు ఉండనివ్వు, కానీ కుదించు. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా సుమారు 6,50,000 తుపాకులను డబ్బిచ్చి వెనక్కు తీసుకుంది. హైదరాబాదు వాసులను కూడా బలిగొన్న 2019 క్రైస్ట్‌చర్చ్ మసీదు దాడుల తరువాత న్యూజిలాండ్ పార్లమెంటు నెల తిరగకుండానే 119-1 ఓట్లతో చట్టం చేసింది. ఆ రెండు దేశాలకూ అమెరికా రాజ్యాంగంలో ఆయుధ హక్కును చెప్పే రెండో సవరణ వంటిది లేదు. అమెరికాలో ఆయుధం కలిగి ఉండటం వ్యక్తి హక్కని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో ఆయుధ నియంత్రణ ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి ఒదగాలని మరో మెట్టు బిగించింది. నిషేధం బిల్లు 2013లో సెనేట్‌లో 40-60తో ఓడింది. 2022లో దిగువ సభలో 217-213తో గట్టెక్కినా సెనేట్‌లో ఓటింగ్ దాకా రాలేదు. అందుకే అసలు పోరు కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లోనూ న్యాయస్థానాల్లోనూ నడుస్తోంది. హంతకుడి రాతలకు నువ్వు కేటాయించిన పేరా మొత్తం తీసివేసి ఆ స్థలాన్ని వీటికి ఇవ్వు.

మేరీలాండ్ నిషేధంపై వచ్చిన అప్పీలును సుప్రీంకోర్టు 2025 జూన్‌లో విచారణకు స్వీకరించలేదు. అయితే ఏఆర్-15 ప్రశ్నను కోర్టు త్వరలోనే చేపట్టవలసి ఉంటుందని న్యాయమూర్తి బ్రెట్ కావెనా అదే సందర్భంలో రాశారు. అంటే నీ వ్యాసం అచ్చయ్యేలోగా న్యాయస్థానాల పేరా పాతబడే అవకాశం ఉంది. దాన్ని చివర్లో, మిగతా వాదనను కదిలించకుండా మార్చుకోగలిగేలా విడిగా రాసి ఉంచు. మ్యాగజైన్ల భాగం పూర్తికాగానే ముందుగా అదొక్కటే నాకు పంపించు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి