ఫ్రీ త్రో గీత దగ్గర కాసేపు ఆగు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం మొన్న రాత్రి చదివా, నిన్న పొద్దున టీ తాగుతూ మళ్ళీ ఇంకోసారి చదివా. ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పేద్దామనుకున్నా కానీ అలా తేలే విషయం కాదనిపించి ఇదిగో ఇలా కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. విల్ట్ చాంబర్లిన్ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా నచ్చింది. మనవాళ్ళలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి జోర్డాన్ తెలుసు, కోబీ తెలుసు, ఇప్పటి పిల్లలకైతే కర్రీ, లెబ్రాన్. 1960ల్లో అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడిన, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన 7 అడుగుల 1 అంగుళం మనిషి ఒక సీజన్ మొత్తం మ్యాచ్‌కి సగటున 50 పాయింట్లు కొట్టాడంటే చాలామంది నమ్మరు కూడా. అంకెలన్నీ నేను సరిచూశా, ఒక్క తప్పు లేదు. కెరీర్ మొత్తం 31,419 పాయింట్లు, 23,924 రీబౌండ్లు (బుట్టలో పడకుండా వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం), 1961-62లో 4,029 పాయింట్లు సగటు 50.4, వరసగా 7 సీజన్లు స్కోరింగ్‌లో ఫస్టు, ఒకే మ్యాచ్‌లో 55 రీబౌండ్లు, అన్నీ కరెక్టే.

కానీ మూడో పేజీకి వచ్చేసరికి కొట్టులో ఖాతా పుస్తకం చదువుతున్నట్టు అయిపోయింది నాకు. ఒక అంకె అయిపోగానే ఇంకో అంకె, దాని వెనకే ఇంకోటి, ఆ మనిషి ఎక్కడా కనపడడే. ఇక మొదటి వాక్యం చూడు, "బాస్కెట్‌బాల్ చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగ్గ మహోన్నత క్రీడాకారుడు" అని మొదలెట్టావ్. బాస్కెట్‌బాల్ తీసేసి హాకీ అని పెట్టి ధ్యాన్‌చంద్ పేరు రాసినా సరిపోతుంది, పరుగు అని పెట్టి పీటీ ఉష పేరు రాసినా సరిపోతుంది. మరి చాంబర్లిన్ గురించి ఏం చెప్పినట్టురా?

ఇప్పుడు అసలు విషయం. వ్యాసం పంపిన రోజే నువ్వు ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టావ్, గుర్తుందా? ఫ్రీ త్రోల గురించి, అదే అవతలివాళ్ళు ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి వేసే ఒక్కో పాయింట్ షాట్ల గురించి చదివి వచ్చి ఆ ఊపులో మాట్లాడావ్. "అన్నా, ఆయప్ప అంత తెలిసి కూడా యాల ఇడిసిపెట్టినాడన్నా?" అన్నావ్. దాన్ని నేను మూడుసార్లు విన్నా. నీ పదకొండు పేజీల్లో లేని చాంబర్లిన్ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాడు. వ్యాసంలో మాత్రం ఆ ప్రశ్నే లేదు, దాని బదులు "ఫ్రీ త్రోలలో ఆయన కొంత వెనుకబడి ఉండేవారు" అని ఒక లైను రాసి దాటేశావ్. నేను నిన్ను ఆగమనేది అక్కడే.

ఒకే మ్యాచ్‌లో ఆయన వంద పాయింట్లు కొట్టిన ఆ హెర్షీ రాత్రిని నువ్వు రెండు లైన్లలో తేల్చేశావ్ కదా, నేనైతే ఎలా చూస్తానో చెప్తా విను. 1962 మార్చి 2, పెన్సిల్వేనియాలో హెర్షీ అనే చిన్న ఊరు, చాక్లెట్ కంపెనీ చుట్టూ కట్టిన ఊరు. ఫిలడెల్ఫియా వారియర్స్ వాళ్ళు జనాన్ని రప్పించుకోడానికి కొన్ని హోమ్ మ్యాచ్‌లు బయట ఊళ్ళలో ఆడేవాళ్ళు, ఇది అలాంటిదొకటి. అవతల న్యూయార్క్ నిక్స్. సీజన్ చివరి రోజులు, వచ్చిన జనం 4,124 మంది. టీవీ ప్రసారం లేదు, ఈ రోజుకీ ఆ మ్యాచ్ వీడియో లేదు, మిగిలింది చివరి క్వార్టర్ రేడియో కామెంటరీ మాత్రమే. హాఫ్ టైమ్‌కి ఆయన పాయింట్లు 41, మూడో క్వార్టర్ అయ్యేసరికి 69. అక్కడి నుంచి అది మామూలు మ్యాచ్‌లా సాగలేదు, జనం బంతి విల్ట్‌కే ఇవ్వమని అరుపులు, నిక్స్ వాళ్ళు బంతి ఆయన చేతికి పోకుండా మిగతా వారియర్స్ ఆటగాళ్ళని కావాలని ఫౌల్ చెయ్యడం, అటు వారియర్స్ కూడా బంతి తొందరగా తిరిగి రావాలని వాళ్ళని ఫౌల్ చెయ్యడం. ఇది కూడా రాయి, దాచకు. ఇంక 46 సెకన్లు ఉందనగా వంద పడింది, జనం కోర్టు మీదకి పరిగెత్తుకొచ్చేశారు. తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో టీమ్ ప్రచారం చూసే హార్వీ పొలాక్ ఒక కాగితం మీద 100 అని చేత్తో రాసి ఆయన చేతికిచ్చాడు, అది పట్టుకుని దిగిందే ఆ ఫేమస్ ఫొటో. ట్రోఫీ కాదు, ఏం కాదు, ఒక కాగితం ముక్క.

ఇప్పుడు ఆ వందని విడదీసి చూడు. ఫీల్డ్ గోల్స్, అంటే ఆట మధ్యలో వేసే రెండేసి పాయింట్ల షాట్లు, 63 వేస్తే 36 పడ్డాయి, అంటే 72 పాయింట్లు. మిగతా 28 ఎక్కణ్ణుంచి? ఫ్రీ త్రోల నుంచి. 32 వేస్తే 28 పడ్డాయి! కెరీర్ మొత్తం మీద సగం మాత్రమే వేసిన మనిషి, 51 శాతం, ఆ రాత్రి 32కి 28. ఆయన మామూలు లెక్కలో 16 పడి ఉంటే 88 దగ్గర ఆగేది, గొప్ప స్కోరే కానీ ఆ కాగితం మీద వంద అయితే ఉండేది కాదు.

ఎలా పడ్డాయో నీకు తెలుసు. ఆ సీజన్‌లో ఆయన ఫ్రీ త్రోలు కింద నుంచి వేసేవాడు. రెండు చేతులతో బంతి పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, కాళ్ళ మధ్య నుంచి ఊపి మెల్లగా పైకి వదలడం. అమెరికాలో దాన్ని గ్రానీ షాట్ అంటారు, ముసలమ్మ షాట్ అని వెక్కిరింపు. ఆ ఏడు ఆయన శాతం 61, కెరీర్‌లో అదే బెస్ట్. ఇంక పెంచుకుంటూ పోవాల్సింది పోయి వదిలేశాడు, మళ్ళీ పై నుంచి వెయ్యడం మొదలెట్టాడు. తర్వాత ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు, అలా వేస్తుంటే ఆడంగిలా ఉన్నట్టు సిగ్గేసేదని, అది తప్పని తెలుసని, అయినా చెయ్యలేకపోయానని. 1967-68 వచ్చేసరికి 38 శాతానికి పడిపోయాడు. అవతలి టీమ్‌ల వాళ్ళు మ్యాచ్ చివర్లో బంతి లేని చోట కూడా ఆయన్ని ఫౌల్ చెయ్యడానికి వెంటపడేవాళ్ళు, ఆయన తప్పించుకోడానికి కోర్టులో పరిగెత్తేవాడు. బంతి కోసం కాదు తమ్ముడూ, ఆ గీత దగ్గర నిలబడాల్సి వస్తుందని! అంత బలమైన మనిషి, ఎవరూ అడ్డుకోలేని మనిషి, 15 అడుగుల దూరం నుంచి ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్‌కి భయపడి పరిగెత్తడం అనేది ఒకసారి కళ్ళు మూసుకుని ఊహించు. నాకైతే ఆయన కొట్టిన వందకన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

దీని పక్కనే రిక్ బ్యారీని పెట్టు, నీ వ్యాసంలో అతని పేరే లేదు. చాంబర్లిన్ వరసగా 7 సీజన్లు స్కోరింగ్‌లో ఫస్టు వచ్చాడని రాశావ్ కదా, ఎనిమిదో సీజన్ 1966-67లో ఆ స్థానం లాక్కున్నది బ్యారీయే, సగటు 35.6. అతను కూడా ముసలమ్మ షాటే వేసేవాడు! చిన్నప్పుడు నాన్న నేర్పాడు, జనం నవ్వుతారని ముందు భయపడ్డాడు, తర్వాత నవ్వితే నవ్వనీ అని కెరీర్ అంతా అలాగే వేసి 90 శాతం దగ్గర నిలబడ్డాడు. పైగా ఆ ఏడు ఫైనల్స్‌లో ఇద్దరూ ఎదురెదురు, ఫిలడెల్ఫియా 76ers తరఫున చాంబర్లిన్, శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ తరఫున బ్యారీ. ఒకే కోర్టు మీద ఒకడు కింద నుంచి వేస్తున్నాడు, ఇంకొకడు అదే పని ఒకప్పుడు చేసి మానేసి పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇలాంటిది దొరికితే వదులుతారా ఎవరైనా? నువ్వు అక్కడ 55 రీబౌండ్ల లైను పెట్టుకున్నావ్.

అయితే అలా అని చాంబర్లిన్‌ని మొండోడిగా చూపించి వదిలెయ్యకు, అది అన్యాయం అవుతుంది. చాలా మార్చుకున్నాడు ఆయన, ఎవరూ మార్చుకోనంత. ఆ 50 సగటు సీజన్‌లోనే బెస్ట్ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు ఆయనకి రాలేదు, బోస్టన్ సెల్టిక్స్ బిల్ రస్సెల్‌కి వెళ్ళింది, ప్లేఆఫ్స్‌లో ఏడో మ్యాచ్ కూడా సెల్టిక్స్‌తోనే 2 పాయింట్ల తేడాతో పోయింది. పాయింట్లు తప్ప టీమ్ పట్టదు అనే మాట ఏళ్ళ తరబడి పడ్డాడు. 1966-67లో కోచ్ అలెక్స్ హానమ్ చెప్తే తక్కువ వేసి ఎక్కువ పంచాడు, సగటు 24కి తగ్గింది, టీమ్ 68 గెలిచి 13 ఓడింది, వరసగా 8 టైటిళ్ళు కొట్టిన సెల్టిక్స్‌ని దాటి ఛాంపియన్ అయ్యింది. తర్వాతి సీజన్ ఏకంగా లీగ్ మొత్తంలో ఎక్కువ అసిస్టులు, అంటే పక్కవాడు స్కోరు చేసేలా బంతి అందించడం, ఇచ్చాడు, 702, బుట్ట దగ్గర ఆడే ఒక సెంటర్ ఆటగాడు! 1971-72లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ తరఫున ఆడుతూ సగటు 14.8 పాయింట్లే, ఆ టీమ్ వరసగా 33 మ్యాచ్‌లు గెలిచింది, చెయ్యి దెబ్బతిన్నా ఆఖరి ఫైనల్స్ మ్యాచ్‌లో 24 పాయింట్లు, 29 రీబౌండ్లు తీసి రెండో టైటిల్ తెచ్చాడు. 50 నుంచి 14.8కి దిగడానికి ఒప్పుకున్న మనిషే ఆ షాట్ ఒక్కటి మాత్రం ఒప్పుకోలేకపోయాడు. గర్వం అనుకుంటే పాయింట్ల దగ్గర ఉండాలిగా, అక్కడ లేదే. నాకు అర్థమైనంతలో పాయింట్లు తగ్గితే జనం పెద్దమనిషి అయ్యాడంటారు, కింద నుంచి వేస్తే నవ్వుతారు. చిన్నప్పటి నుంచి ఎత్తు గురించి వింత మనిషిలా చూడబడ్డవాడు, స్టిల్ట్, అంటే పొడుగు కర్రకాలు అనే ముద్దు పేరంటేనే అసహ్యించుకున్నవాడు, ఇంకో నవ్వు తట్టుకోలేకపోయాడేమో. ఇది నా ఊహ, నీకు ఇంకోటి తోచొచ్చు, తోచింది రాయి.

1969 కూడా వదలకు. ఫైనల్స్ ఏడో మ్యాచ్, లాస్ ఏంజెలెస్, గెలుస్తామని లేకర్స్ ఓనర్ పైకప్పుకి బెలూన్లు కట్టించి పెట్టాడు. ఆ రోజు చాంబర్లిన్ 13 ఫ్రీ త్రోలు వేస్తే 4 పడ్డాయి. సెల్టిక్స్ 108, లేకర్స్ 106. చివర్లో మోకాలి దెబ్బతో బయటికొచ్చాడు, మళ్ళీ ఆడతానన్నా కోచ్ దింపలేదు. దాని మీద రస్సెల్ తర్వాత బహిరంగంగా విమర్శించాడు, ఒకరింట్లో ఒకరు పండగ భోజనాలు చేసిన స్నేహితులు, ఇరవై ఏళ్ళ పైన మాటల్లేవ్. తర్వాత కలిశారు, 1999 అక్టోబర్‌లో చాంబర్లిన్ 63 ఏళ్ళకే పోతే సంస్మరణ సభలో రస్సెల్ మాట్లాడాడు. దీన్ని ఎక్కువ లాగకు, ఒక పేరా చాలు, ఆ బెలూన్లు మాత్రం ఉంచు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే. నాకు నీ వయసులో ఒక పత్రికలో పని దొరికింది. మా ఊరి మాటలో ఒక కబడ్డీ ఆటగాడి గురించి రాసుకెళ్తే అక్కడ ఒకాయన పదిమందిలో గట్టిగా చదివి వినిపించాడు, అందరూ నవ్వారు. ఆ సాయంత్రం నుంచి దాదాపు పన్నెండేళ్ళు నేను "లిఖించదగ్గ"లు, "మహోన్నత"లు రాశా. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు కూడా. ఆ కబడ్డీ ఆటగాడు మా అమ్మ ఊరివాడు, చనిపోయాడు, అతని గురించి ఆ మాటలో రాయగలిగింది నేనొక్కణ్ణే, రాయలేదు. ఆ బాధ ఇంకా ఉంది నాకు. అందుకే నీ వాయిస్ మెసేజ్ విన్నాక నీ వ్యాసం చూస్తే ప్రాణం ఉసూరుమంది. నువ్వు నంద్యాల కుర్రాడివి, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నీ మాట సూటిగా వెళ్ళి పడుతుంది, కాగితం ముందు కూర్చోగానే సిగ్గుపడి చేతులు పైకెత్తేస్తున్నావ్. మొత్తం యాసలోనే రాయమని చెప్పట్లేదు, అది నీ ఇష్టం. నీకు నిజంగా వచ్చిన ప్రశ్న నీ నోట్లో పుట్టినట్టే కాగితం మీద ఉండాలి, అంతే అడుగుతున్నా.

అంకెలు ఎన్ని ఉంచాలంటావా, నా లెక్కలో ఓ పది పన్నెండు చాలు, ఉంచినవాటి పక్కన మనిషో చోటో ఉండాలి, 4,124 అంటే పక్కన హెర్షీ ఉండాలి, 28 అంటే పక్కన ఆ వంగిన మోకాళ్ళు ఉండాలి. మొత్తం 1,045 మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా ఫౌల్స్ ఎక్కువై బయటికి పోలేదని ఎక్కడో ఏడో పేజీలో దాచావ్, అది ముందుకు తీసుకురా, జనం తన వెంటపడి ఫౌల్ చేస్తుంటే ఈ మనిషి అలా ఆడాడని దాని పక్కనే చెప్పు. హైస్కూల్ లెక్కలు, కాలేజీ లెక్కలు తీసెయ్, 1957లో ఆయన కాలేజీ టీమ్ కాన్సాస్ మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత ఒక్క పాయింట్‌తో ఓడిన ఫైనల్ మాత్రం ఉంచు.

మొదటి వాక్యం కొట్టేసి ఆ వాయిస్ మెసేజ్ మళ్ళీ విను, విన్నది విన్నట్టు ఫస్టు లైనుగా రాసి అక్కణ్ణుంచి హెర్షీకి వెళ్ళు. సంక్రాంతికి ఊరెళ్తున్నా అన్నావ్ కదా, వెళ్ళేలోపు రెండో డ్రాఫ్ట్ పంపు, నేను ఇక్కడే ఉంటా, రాగానే చదువుతా.

ప్రేమతో,
అన్న