'ద బ్లూ ల్యాంప్' ఇప్పుడు చూడవచ్చా?

పోలీసులు, చిల్లర దొంగల మీద వచ్చిన పాత బ్రిటిష్ సినిమా ఒకటి చెప్పమన్నారు, విసుగు పుట్టించకూడదన్నారు. నేనైతే 1950లో విడుదలైన 'ద బ్లూ ల్యాంప్' చూడమంటాను. మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశారు. పోలీసు సినిమా పెడితే పది నిమిషాల్లో లేచి వెళ్లిపోయే ఆయన దీన్ని చివరిదాకా చూశారు.

దర్శకుడు బేసిల్ డియర్డెన్. రచయిత టి.ఇ.బి. క్లార్క్ యుద్ధకాలంలో రిజర్వు కానిస్టేబుల్‌గా పనిచేసినవాడు కాబట్టి లండన్‌లోని ప్యాడింగ్టన్ పోలీసు స్టేషన్, బీటు డ్యూటీ, క్యాంటీన్ కబుర్లు అతికించినట్టు ఉండవు. పదవీ విరమణకు దగ్గరపడిన కానిస్టేబుల్ డిక్సన్ (జాక్ వార్నర్) చేతిలో తుపాకీ ఉండదు. సినిమా హాలు కౌంటర్ దగ్గర డబ్బు దోచుకుంటున్న రైలీ (డర్క్ బోగార్డ్) వైపు వట్టి చేతులతో నడుస్తాడు. ఆ కుర్రవాడు ధైర్యంతో కాదు, బెదిరిపోయి కాలుస్తాడు. కథ చెప్పేశానని తిట్టుకోకండి, ఇంకా సగం సినిమా ఉంది.

నన్ను పట్టేసినది ఆ కాల్పులు కాదు. ఆస్పత్రిలో ఉన్న భర్తకు తీసుకువెళ్దామని డిక్సన్ భార్య పూలు సిద్ధం చేసుకుంటుంది. ఆయన చనిపోయాడని ఇంట్లో అద్దెకు ఉంటున్న కొత్త కానిస్టేబుల్ మిచెల్ వచ్చి చెబుతాడు. ఆమె ఏడవదు, ఈ పూలను నీళ్లలో పెట్టాలి అంటుంది. నాన్నగారు అక్కడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

దొంగల లోకాన్ని చూపిన తీరు కూడా బాగుంది. పాత కాలపు దొంగలకు రైలీలాంటి తొందరపాటు కుర్రాళ్లంటే చిరాకు, పనిలోకి రానివ్వరు. చివరికి వైట్ సిటీ కుక్కల పందేల మైదానంలో అతణ్ణి చుట్టుముట్టడానికి పోలీసులకు బుకీలే చేతిసైగలతో సాయపడతారు. పందెం రేట్లు చెప్పుకునే సైగలే వలగా మారే ఆ ఘట్టం ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది.

లోపాలు లేకపోలేదు. మొదట్లో వచ్చే వ్యాఖ్యానం నేరాలు చేసే యువత గురించి పాఠం చెబుతుంది. పోలీసులందరూ బుద్ధిమంతులే! "మా స్టేషన్‌లో ఇంత మంచివాళ్లు ఉండి ఉంటే నేను ఇంకో పదేళ్లు పనిచేసేవాణ్ణి" అని నాన్నగారు నవ్వారు.

ఈ సినిమాలో చనిపోయిన డిక్సన్‌ను బీబీసీ 1955లో మళ్లీ బతికించి, అదే వార్నర్‌తో 1976 వరకు సీరియల్ నడిపింది. మీరు ముందు సినిమానే చూడండి. లండన్ వీధుల యాస కొంచెం కష్టం, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.