టెక్ సందేహాలు: ఇంట్లో హబ్, షెడ్డులో సెన్సర్

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఇంటికి 60 మీటర్ల దూరంలో కోళ్ల షెడ్డు ఉంది. ఎండాకాలం లోపల వేడి ఎంతుందో ఫోన్లో చూసుకోవచ్చని జిగ్‌బీ (చిన్న పరికరాలను కలిపే వైర్‌లెస్ పద్ధతి) హబ్, అంటే సెన్సర్ల రీడింగ్ అందుకుని నెట్ ద్వారా ఫోన్‌కు పంపే పెట్టె, రెండు టెంపరేచర్ సెన్సర్లు కొన్నాను. హబ్ ఇంట్లోనే ఉంది. సెన్సర్‌ను షెడ్డు బయటి గోడకు పెడితే రీడింగ్ వస్తోంది, లోపలికి తీసుకెళ్తే ఆఫ్‌లైన్ అంటోంది. మా బాపు ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం లేచి వెళ్లి చూసి వస్తున్నాడు. వైఫై ఎక్స్‌టెండర్ కొనమంటారా?

జవాబు: కొనకండి. బయటి గోడ దగ్గర పనిచేస్తోందని మీరే రాశారు కదా, అసలు చిక్కు ఎక్కడుందో అందులోనే తెలుస్తోంది. షెడ్డుకు పైన రేకులు, రెండు పక్కలా ఇనుప జాలీ ఉంటాయి. జిగ్‌బీ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీ కన్ను మహా అయితే అంగుళం. అంత చిన్న ఇనుప సందులోంచి అంత పొడవు తరంగం సరిగా దాటదు. పిల్లి దూరకుండా కట్టిన జాలీ సిగ్నల్‌నూ దూరనివ్వడం లేదు.

వైఫై ఎక్స్‌టెండర్ మోసేది వైఫైని మాత్రమే, జిగ్‌బీ సంగతి దానికి పట్టదు. జిగ్‌బీలో సిగ్నల్‌ను ముందుకు అందించేవి కరెంటు మీద నడిచే ప్లగ్గులు, బల్బులు. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు, కాబట్టి ఇంకో రెండు సెన్సర్లు కొన్నా లాభం లేదు. షెడ్డు గుమ్మం దగ్గర బోర్డుకు ఒక జిగ్‌బీ ప్లగ్ పెట్టి చూడవచ్చు. అందితే మంచిదే, కానీ కోళ్ల ప్రాణం మీద వ్యవహారం కాబట్టి నేనైతే దాన్ని నమ్ముకోను.

ఇంటి నెట్‌ను షెడ్డు లోపలికి తీసుకెళ్లి, అక్కడే ఇంకో హబ్ పెట్టండి. అదే కంపెనీది తీసుకుంటే మామూలుగా రెండూ ఒకే యాప్‌లో కనిపిస్తాయి. ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీ దూరానికి సరిపోతుంది. కానీ అది రాగి తీగ. దగ్గర్లో పిడుగు పడితే రెండు చివర్లా ఉన్న పెట్టెలు పోయే ప్రమాదం ఉంది. అందుకే నా ఓటు ఫైబర్‌కు, అది గాజు తీగ, కరెంటు మోయదు. పైపులో వేసి పాతిపెట్టి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను ల్యాన్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టెలు) బిగిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: స్తంభాల మీద లాగే ఫైబర్‌లో చాలావాటికి లోపల స్టీలు తీగ ఉంటుంది. అది లేని రకం అడిగి తీసుకోండి.

తవ్వకం కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ అవుట్‌డోర్ వైర్‌లెస్ జత ఉంది. ఇంటి మీద ఒకటి, షెడ్డు చూరు కింద బయటివైపు ఒకటి పెట్టి, అక్కడి నుంచి లోపలికి చిన్న కేబుల్ లాగాలి. అయితే రెండూ ఒకదానికొకటి కనిపించాలి. శివరాత్రి నాడు ఆకు రాలిన వేపచెట్టు సందులోంచి సిగ్నల్ బాగుందని బిగించేస్తారు. ఉగాది దాటి చెట్టు గుబురయ్యాక, అందులోనూ వాన పడ్డాక, లింకు తెగుతూ అతుకుతూ ఉంటుంది.

ఇంకో మాట. ఫ్యాన్లు ఆగేది కరెంటు పోయినప్పుడు. సరిగ్గా అప్పుడే మీ రౌటర్లు, హబ్బు, మధ్యలోని పెట్టెలు కూడా ఆగిపోతే అలర్ట్ ఎవరు పంపుతారు? రెండు చివర్లా ఇన్వర్టర్ లైను తప్పనిసరి. దాంతోపాటు కరెంటు పోగానే మోగే బ్యాటరీ అలారం ఒకటి పెట్టండి. యాప్ మూగబోయినా అది బాపుకు వినపడుతుంది.

ప్రశ్న: అన్నయ్య అమెరికా నుంచి జడ్-వేవ్ (జిగ్‌బీ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) డోర్ లాక్ తెచ్చాడు. హనుమకొండలో మా ఇంట్లో ఉన్న ఇండియా హబ్‌కు అది దొరకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: దొరకదు. అమెరికా జడ్-వేవ్ 908.4 మెగాహెర్ట్జ్‌లో, మన దేశంలోది 865.2లో నడుస్తుంది. హబ్ కూడా అక్కడి నుంచే తెప్పిస్తే సరిపోతుందనుకోకండి, ఆ 908 ఇక్కడ మొబైల్ ఫోన్లకు కేటాయించిన బ్యాండులోకి వస్తుంది. అన్నయ్య తిరిగి వెళ్లేటప్పుడు లాక్ కూడా పెట్టెలో పెట్టి పంపండి.