జన ఔషధి కేంద్రంలో తక్కువ ధరకు ఇచ్చే బీపీ, షుగర్ మాత్రలు సరిగ్గా పనిచేస్తాయా?

పనిచేస్తాయి, ఎందుకంటే పేరున్న కంపెనీల మాత్రల్లో ఉండే మందే వీటిలోనూ ఉంటుంది, మోతాదూ అదే. కంపెనీ పేరుకీ, ప్రచారానికీ, మధ్యలో చేతులు మారినప్పుడల్లా కలిసే కమీషన్లకీ పెట్టే డబ్బు అక్కడ ఉండదు కాబట్టి చాలా మందులు సగానికి సగం, కొన్ని అంతకన్నా తక్కువకే వస్తాయి. కేంద్రాలకు పంపేముందు ప్రతి బ్యాచ్‌నీ ల్యాబ్‌లో పరీక్షిస్తారు కూడా.

అమలాపురంలో ఒకాయన బీపీకి టెల్మా 40 అనే కంపెనీ మాత్ర వాడుతున్నారనుకోండి. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో టెల్మిసార్టాన్ 40 ఎంజీ అని ఉంటుంది, కౌంటర్ దగ్గర అడగాల్సింది ఆ పేరు. టెల్మా అనే అడిగితే లేదంటారు, ఈయన ఉత్త చేతులతో తిరిగొచ్చేస్తారు! చీటీ మాత్రం తీసుకెళ్లాలి, పేరు పక్కన హెచ్ లేదా ఏఎం అని ఉంటే అది వేరే మందు కలిసిన మాత్ర, మామూలుది తెచ్చేసుకోకూడదు.

చవకైతే పవర్ తక్కువని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు, అది అపోహే. కాకపోతే ఫిట్స్, థైరాయిడ్ మందులకు మోతాదులో చిన్న తేడా కూడా పడదు, వాటిని డాక్టర్‌ని అడక్కుండా మార్చొద్దు.